వాహన సందేహాలు: డాష్‌బోర్డుపై బల్బు గుర్తు వెలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్పీడోమీటరు పక్కన పసుపు రంగులో బల్బు బొమ్మ వెలగడం, కొన్ని కార్లలో దానితోపాటు ఫలానా లైటును పరిశీలించమని ఒక వాక్యం కూడా కనిపించడం గురించి ఈ మధ్య మాకు వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకప్పుడు ఖరీదైన విదేశీ కార్లకే పరిమితమైన ఈ సదుపాయం, ఆ కార్లు సెకండ్‌హ్యాండులో అందుబాటు ధరలకు దొరకడం మొదలయ్యాక, ఇప్పుడు చిన్న ఊళ్ల మెకానిక్ షెడ్లలో కూడా చర్చకు వస్తోంది. అందుకే ఒకే విషయంపై వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ హెచ్చరిక వ్యవస్థకు కళ్లు లేవు. బల్బు వెలుగుతోందా లేదా అన్నది అది చూడదు. ఆ బల్బు ఎంత కరెంటు తీసుకుంటోంది అన్నది మాత్రమే కొలుస్తుంది. ఈ తేడా మనసులో ఉంచుకుంటే కింది సమాధానాలు సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: మేము ఏడేళ్లుగా ఒక యూరోపియన్ సెడాన్ వాడుతున్నాము. కొంతకాలంగా బల్బు హెచ్చరిక వస్తూ పోతూ ఉంది. కారు చుట్టూ తిరిగి చూస్తే లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. సర్వీసు సెంటరు వారు వెనుక ల్యాంపు మొత్తం మార్చాలని చెప్పి పెద్ద అంచనా చేతిలో పెట్టారు. అన్నీ వెలుగుతుంటే హెచ్చరిక ఎందుకు వస్తోంది? నిజంగా ల్యాంపు మార్చాల్సిందేనా? (ఒక పాఠకుడు, కాకినాడ)

సమాధానం: ల్యాంపు మార్చేముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మీ ఇంటి ముందే, ఒక మనిషి సాయంతో, చిన్న మల్టీమీటరుతో చూసుకోదగినవే.

"అన్నీ వెలుగుతున్నాయి" అన్న మాటను ముందుగా కాస్త పరీక్షించాలి. ఒక్కరే కారు చుట్టూ తిరిగినప్పుడు బ్రేక్ లైట్లు కనిపించవు, ఎందుకంటే పెడల్ మీద కాలు ఉండదు. రివర్సు లైటు, వెనుక ఫాగ్ లైటు, వెనుక అద్దం దగ్గరి మూడో బ్రేక్ లైటు కూడా అలాగే తప్పించుకుంటాయి. నంబర్ ప్లేటుకు రెండు బల్బులుండే కార్లలో ఒకటి పోయినా రెండోదాని వెలుగులో ఆ సంగతి తెలియదు. అంతకంటే మోసం చేసేది రెండు ఫిలమెంట్ల బల్బు. చాలా కార్లలో పార్కింగ్ లైటుకూ బ్రేక్ లైటుకూ కలిపి 21/5 వాట్ల బల్బు ఒకటే ఉంటుంది. 21 వాట్ల ఫిలమెంటు తెగిపోయినా 5 వాట్లది వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చూసేవారికి బల్బు బాగానే ఉందనిపిస్తుంది. అందువల్ల ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఒక్కొక్క లైటునూ విడివిడిగా వేయించి, ఎడమనూ కుడినీ పోల్చి చూడండి.

ఆ తర్వాత హెచ్చరిక ఏ సమయంలో వస్తోందో గమనించండి. బ్రేక్ తొక్కినప్పుడే వస్తే బ్రేక్ లైట్లలో, లైట్ల స్విచ్ తిప్పగానే వస్తే పార్కింగ్, నంబర్ ప్లేటు లేదా హెడ్‌లైట్లలో వెతకాలి. తాళం తిప్పిన వెంటనే, ఏ లైటూ వేయకముందే వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి వంటి కార్లలో బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు, ఆరిపోయి ఉన్న బల్బులకు కూడా అతి స్వల్పకాలం కరెంటు పంపి ఫిలమెంటు ఉందో లేదో ముందే పరీక్షిస్తుంది. ఆ మాడ్యూల్ తనకు దొరికిన దోషాన్ని నమోదు కూడా చేస్తుంది కాబట్టి స్కానరు ఉన్న మెకానిక్‌తో దాన్ని చదివించండి. వెనుక ఎడమ బ్రేక్ లైటు సర్క్యూట్ తెగింది అని అందులో ఉంటే మీ వెతుకులాట ఒక్క మూలకు పరిమితమవుతుంది. అయితే స్కానరు దారి తెగిందని చెబుతుందే తప్ప, ఎక్కడ తెగిందో చెప్పదు. బల్బు, హోల్డరు, వైరు, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే కలయిక) అన్నీ ఆ దారిలోవే.

ఇప్పుడు ఎడమ బల్బును కుడివైపుకు, కుడి బల్బును ఎడమవైపుకు మార్చి పెట్టండి. హెచ్చరిక కూడా వైపు మారితే దోషం బల్బుదే. మారకుండా అక్కడే ఉంటే బల్బు నిర్దోషి. ఖర్చు లేని ఈ పరీక్షను చేయకుండానే ల్యాంపులు మార్చేయడం మాకు తరచుగా కనిపిస్తున్న సంగతి. బల్బును బయటికి తీసినప్పుడు గాజు నల్లబడిందా, ఫిలమెంటు వేలాడుతోందా, అడుగున ఉండే సీసపు బొట్లు అరిగి పల్చబడ్డాయా అని చూడండి. 21/5 బల్బుకు పక్కన ఉండే రెండు గుబ్బలు ఒకే ఎత్తులో ఉండవు. దాన్ని తిప్పి బలవంతంగా దూర్చితే 5 వాట్ల చోట 21, 21 చోట 5 వచ్చి కూర్చుంటాయి. లైటు వెలుగుతుంది, మాడ్యూల్ మాత్రం ఒప్పుకోదు.

బల్బు బాగుంటే తర్వాతి అనుమానం హోల్డరు మీద. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర దాదాపు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. హోల్డరు రేకు సడలినా, పచ్చగా చిలుము పట్టినా ఆ కరెంటు అక్కడ వేడిగా మారి ప్లాస్టిక్కును గోధుమరంగుకు తిప్పుతుంది. గతుకుల రోడ్డు మీద ఆ పట్టు క్షణకాలం తెగి మళ్లీ కలిస్తే మన కంటికి అందదు గాని మాడ్యూల్‌కు అందుతుంది. మీ హెచ్చరిక వస్తూ పోతూ ఉందన్నారు కనుక మా మొదటి అనుమానం ఇదే. చిలుమును సన్నని గరుకు కాగితంతో తేలికగా తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రేకును కొద్దిగా పైకి లేపండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ పని ఏడాదికి ఒకసారి చేయించుకోవడం మంచిది.

ఎర్త్ సరిగా లేకపోతే గుర్తులు వేరేగా ఉంటాయి. బ్రేక్ తొక్కితే ఇండికేటరు మసకబారడం, ఇండికేటరు వేస్తే పార్కింగ్ లైటు దానితోపాటు కొట్టుకోవడం, వెలగకూడని బల్బు లోపల సన్నగా ఎర్రదనం కనిపించడం వంటివి చూస్తే కరెంటు తన దారి వదిలి పక్క బల్బుల గుండా తిరిగి వెళ్తోందని అర్థం. దీన్ని తేల్చడానికి మల్టీమీటరును 20 వోల్టుల డీసీ స్థాయిలో పెట్టి, లైటు వెలుగుతుండగానే ఒక తీగను హోల్డరు ఎర్త్ వైరుకు, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు (డిక్కీ నుంచి బ్యాటరీ దూరమైతే ఒక పొడవు వైరు కలుపుకొని) తగిలించండి. 0.1 లేదా 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ బోల్టు విప్పి, రంగూ తుప్పూ తీసి, గట్టిగా బిగించాలి. లైటు ఆర్పి చేస్తే ఈ పరీక్షకు విలువ లేదు. కరెంటు పారుతున్నప్పుడే నష్టం బయటపడుతుంది. ఒక్క ఓము అదనపు నిరోధం చేరితే 21 వాట్ల బల్బుకు దాదాపు ఒకటిన్నర వోల్టు తగ్గుతుంది. కరెంటులో పదో వంతు కూడా తగ్గదు గాని వెలుగులో మూడో వంతుకు పైగా పోతుంది. పట్టపగలు ఆ తేడా కనిపించదు; రాత్రి మీ వెనుక వచ్చే లారీ డ్రైవరుకు కనిపిస్తుంది.

ఇవన్నీ బాగుంటే డిక్కీ తలుపు దగ్గరికి రండి. తలుపుకూ బాడీకీ మధ్య వైర్లు ఒక రబ్బరు గొట్టం గుండా వెళ్తాయి. తలుపు తీసినప్పుడల్లా అవి వంగుతాయి. ఏళ్లు గడిచేసరికి పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగుతాయి. నంబర్ ప్లేటు లైటు, మూడో బ్రేక్ లైటు, తలుపు మీద ఉండే ల్యాంపు భాగాలు ఈ జబ్బుకు ఎక్కువగా లోనవుతాయి. లైటు వేసి ఉంచి తలుపును మెల్లగా పైకీ కిందికీ ఆడించండి; ఏదో ఒక కోణంలో హెచ్చరిక వచ్చి పోతే దోషం అక్కడే ఉంది. తెగిన చోట మెలిపెట్టి టేపు చుట్టే మరమ్మతు నిలవదు. ఆ వంపు పొడవునా మెత్తని కొత్త వైరు వేసి, అతుకులను వంపుకు దూరంగా సోల్డరు చేయించండి.

ల్యాంపు మొత్తం మార్చడం రెండు సందర్భాల్లోనే తప్పదు. హోల్డరు ల్యాంపుతో కలిసిపోయి ఉండి దాని లోపలి దారులు కరిగిపోతే ఒకటి, కంపెనీ అమర్చిన ఎల్‌ఈడీ ల్యాంపు లోపల పాడైతే రెండోది. మీది ఏదో చూపించమని సర్వీసు సెంటరును అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నంబర్ ప్లేటుకూ ఇండికేటర్లకూ ఎల్‌ఈడీ బల్బులు వేయించినప్పటి నుంచి హెచ్చరిక పోవడం లేదు. పైగా కారు ఆపి తాళం తీసి పెట్టాక కూడా నంబర్ ప్లేటు బల్బులు మిణుకుమంటున్నాయి. అమ్మిన దుకాణదారు ఒక రెసిస్టరు పెడితే సరిపోతుందన్నారు. పెట్టించవచ్చా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: మీ బల్బులూ మంచివే, మాడ్యూలూ మంచిదే, ఒకదానికొకటి పొసగడం లేదు, అంతే. 5 వాట్ల మామూలు బల్బు 0.4 ఆంపియర్ల వరకు తీసుకుంటే, అదే చోట పెట్టిన ఎల్‌ఈడీ అందులో చిన్న భాగం తీసుకుంటుంది. ఇంత తక్కువ కరెంటు అంటే ఫిలమెంటు తెగినట్లే అని మాడ్యూల్ లెక్క వేస్తుంది. ఇక మిణుకుమనడానికి కారణం, పై సమాధానంలో చెప్పిన ముందస్తు పరీక్ష. ఆ స్వల్ప కరెంటుకు ఫిలమెంటు వేడెక్కదు కాబట్టి మామూలు బల్బు వెలగదు. ఎల్‌ఈడీకి వెలగడానికి ఆ కాస్తా చాలు.

రెసిస్టరు పెట్టడమంటే ఎల్‌ఈడీ తీసుకోని కరెంటును పక్కనుంచి ఊరికే ఖర్చు చేసి మాడ్యూల్‌ను నమ్మించడం. 21 వాట్ల ఇండికేటరు బల్బు స్థానంలో బజారులో ఇచ్చేది సాధారణంగా 6 ఓముల, 50 వాట్ల రెసిస్టరు. ఇంజను నడుస్తూ 13.5 వోల్టులు ఉన్నప్పుడు అది దాదాపు 30 వాట్లను వేడిగా మారుస్తుంది, అంటే తీసేసిన బల్బు కంటే ఎక్కువ. ఆగకుండా వెలిగే లైటుకు పెడితే చేయి పెట్టలేనంత కాలుతుంది. దాన్ని ప్లాస్టిక్ బంపరుకు, ల్యాంపు వెనుక భాగానికి, వైర్ల కట్టకు అంటించి టేపు వేసిన కార్లు చాలా ఉన్నాయి, అవి చూస్తే భయం వేస్తుంది. పెట్టక తప్పదనుకుంటే బాడీ రేకు మీద స్క్రూలతో బిగించాలి, దగ్గరలో ఏ వైరూ లేకుండా చూడాలి. కరెంటు ఆదా చేయాలని ఎల్‌ఈడీ కొని, ఆ ఆదా అంతా రెసిస్టరులో కాల్చడంలో అర్థం ఏముందో కొన్నవారే ఆలోచించాలి.

ఫోక్స్‌వ్యాగన్ వర్గం కార్లలో ఇంకో మార్గం ఉంది. తగిన సాఫ్ట్‌వేరు ఉన్నవారు సెంట్రల్ ఎలక్ట్రిక్స్ విభాగంలోకి వెళ్లి, ఆ ఒక్క లైటుకు ముందస్తు పరీక్షను ఆపివేయగలరు. దీనితో మిణుకుమనడం ఆగుతుంది. కాని ఆ తర్వాత నిజంగా బల్బు పోయినా మీకు తెలియకపోవచ్చు. నంబర్ ప్లేటుకైతే ఇది పెద్ద నష్టం కాదు. బ్రేక్ లైటుకు మాత్రం మేము సలహా ఇవ్వము. మా ఉద్దేశంలో మీకు తక్కువ ఖర్చుతో అయ్యేది, ఎక్కువ కాలం నిలిచేది పాత రకం బల్బులను తిరిగి వేసుకోవడమే.

హెడ్‌లైట్ల గురించి మీరు అడగలేదు గాని ఎల్‌ఈడీ మాట వచ్చింది కనుక చెబుతున్నాము. హాలోజన్ కోసం తయారైన హెడ్‌లైటులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారి, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలను ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. జర్మనీలో 2020 చివర నుంచి, నిర్దిష్ట కారు మోడళ్లకు మాత్రమే అనుమతి పొందిన ఎల్‌ఈడీ హెడ్‌లైటు బల్బులు అమ్ముతున్నారు. అక్కడి బంధువులు తెచ్చి ఇచ్చినా ఆ అనుమతి ఇక్కడ చెల్లదు.

ప్రశ్న: మా చిన్న కారులో ఇలాంటి హెచ్చరిక దీపమే లేదు. ఎడమ ఇండికేటరు మాత్రం ఈ మధ్య చాలా వేగంగా కొట్టుకుంటోంది. రెండింటికీ సంబంధం ఉందా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

సమాధానం: ఉంది. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ముందు వెనుక ఉన్న రెండు 21 వాట్ల బల్బుల్లో ఒకటి పోతే సర్క్యూట్‌లో కరెంటు సగానికి పడిపోతుంది, ఇండికేటరును వెలిగించి ఆర్పే ఫ్లాషరు దాన్ని గుర్తించి వేగం పెంచుతుంది. బల్బు గుర్తు లేని కార్లకు ఇదే బల్బు హెచ్చరిక. హజార్డ్ స్విచ్ వేసి కిందికి దిగి చూస్తే వెలగని బల్బు దొరుకుతుంది. కొనేటప్పుడు పాత బల్బును దుకాణానికి పట్టుకెళ్లండి. గాజే నారింజరంగులో ఉండే ఇండికేటరు బల్బుకు గుబ్బలు ఎదురెదురుగా ఉండవు కాబట్టి తెల్ల బల్బు అందులో సరిగా కూర్చోదు. ఇక మిగతా లైట్ల సంగతి అంటారా, రాత్రి ఇంటి ప్రహరీగోడ వైపు కారు వెనుక భాగాన్ని తిప్పి ఆపి, బ్రేక్ తొక్కి అద్దాల్లో గోడ మీది ఎర్ర వెలుగును చూడండి. ఎడమ కుడి వెలుగులు సమానంగా లేకపోతే తెలిసిపోతుంది.

ప్రశ్న: హెచ్చరిక నిజమే చెబుతోంది, కుడి హెడ్‌లైటు బల్బు నిజంగానే పోతోంది. కాని కొత్తది వేసిన కొద్ది నెలలకే మళ్లీ అదే వైపు పోతోంది. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: రెండు వైపులా తరచుగా పోతుంటే ముందు ఆల్టర్నేటరును (ఇంజను నడుస్తుండగా కరెంటు తయారుచేసే యంత్రాన్ని) అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటి కనిపిస్తే ఆ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరును చూపించండి. వోల్టేజి 5 శాతం పెరిగితే ఫిలమెంటు ఆయువు దాదాపు సగానికి పడిపోతుంది. మీకు ఒకే వైపు పోతోంది కాబట్టి కారణం ఆ ల్యాంపు దగ్గరే ఉంది. వెనుక రబ్బరు మూత సరిగా కూర్చోక తేమ లోపలికి వెళ్తోందా, ల్యాంపు బిగింపు విరిగి అదురుతోందా, బల్బు వెనుక తగిలించే ప్లగ్గు (కప్లరు) పిన్నులు నల్లబడ్డాయా అన్న మూడూ చూడండి. కప్లరు కాలిపోయి ఉంటే కొత్త బల్బు ఎంత మంచిదైనా అక్కడి వేడికి తట్టుకోలేదు; కప్లరుతో సహా మార్చాలి. బల్బు వేసేటప్పుడు గాజును వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు ఉన్న చోట హాలోజన్ గాజు మిగతా చోట్ల కంటే ఎక్కువ వేడెక్కి బలహీనపడుతుంది. తాకితే స్పిరిట్‌తో తుడిచి ఆరాక వేయండి.

దుకాణంలో వెలుగు ఎక్కువ అని చెప్పి 100/90 వాట్ల బల్బు ఇచ్చి ఉంటే అసలు కారణం అదే కావచ్చు. హెచ్4 రకానికి నిర్దేశించినది 60/55 వాట్లు, హెచ్7 రకానికి 55. వంద వాట్లంటే 8 ఆంపియర్లకు పైమాటే. కంపెనీ వేసిన సన్నని వైరు, ప్లాస్టిక్ కప్లరు, ల్యాంపు లోపలి మెరుగు పూత మూడూ దానికి బలవుతాయి. ఫ్యూజు పోతోందని 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు తీసి 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు వేసేవారూ ఉన్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

ప్రశ్న: నేను అమెరికాలోని ఒహాయోలో చదువుకుంటున్నాను. మా ప్రొఫెసరు గారి దగ్గర 1990 నాటి వోల్వో 240 కొన్నాను. వెనుక ఒక బ్రేక్ బల్బు పోతే సూపర్‌మార్కెట్‌లో దొరికిన కొత్త బల్బు వేశాను. వేసిన తర్వాత కూడా బ్రేక్ తొక్కినప్పుడల్లా హెచ్చరిక దీపం వెలుగుతోంది. రెండు వైపులా లైట్లు చక్కగా వెలుగుతున్నాయి. (ఒక విద్యార్థి)

సమాధానం: మీ కారులో పైన చెప్పిన కంప్యూటరు మాడ్యూల్ ఏదీ లేదు. 1974 నుంచి 1993 వరకు తయారైన ఆ కారులో డాష్‌బోర్డు కింద రిలేలా కనిపించే ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానిలో ఒక గాజు గొట్టం, ఆ గొట్టంలో అయస్కాంత ప్రభావానికి కలిసే రెండు సన్నని రేకులు, గొట్టం చుట్టూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టిన తీగచుట్లు ఉంటాయి. ఒక చుట్టు గుండా ఎడమ బల్బు కరెంటు, రెండోదాని గుండా కుడి బల్బు కరెంటు పారతాయి. రెండూ సమానమైతే వాటి అయస్కాంత బలాలు పరస్పరం రద్దయి రేకులు విడివిడిగానే ఉంటాయి. తేడా వస్తే రేకులు కలిసి దీపం వెలుగుతుంది. ఒక్క ట్రాన్సిస్టరు కూడా లేకుండా ఇంత పని చేయించిన ఆ ఇంజినీర్లను మెచ్చుకోకుండా ఉండలేము.

దీన్నిబట్టి మీ సమస్య ఏమిటో ఊహించవచ్చు. ఒక వైపు పాత బల్బు, మరో వైపు వేరే కంపెనీ కొత్త బల్బు ఉన్నాయి. రెండూ 21 వాట్లవేనని పైన రాసి ఉన్నా తీసుకునే కరెంటులో స్వల్ప తేడా ఉండవచ్చు. ఒకే కంపెనీ బల్బులు రెండు కొని రెండు వైపులా ఒకేసారి మార్చండి. ఎక్కువ సందర్భాల్లో దీనితోనే సరిపోతుంది. సరిపోకపోతే వెనుక ల్యాంపుల్లో బల్బులను పట్టి ఉంచే పలుచని లోహపు పట్టీలను చూడండి. ఈ మోడల్‌లో అవి చిలుము పట్టడం, పైకి లేవడం పాత యజమానులందరికీ తెలిసిన సంగతే. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రంలో ఉన్నారు కనుక ల్యాంపు అంచుల నుంచి నీరు దిగుతోందా అన్నది కూడా చూడాలి. చివరగా ఆ పెట్టెను ఊడదీసి, లోపలి సోల్డరు అతుకుల్లో సన్నని పగుళ్లు ఉంటే మళ్లీ సోల్డరు చేయించండి. కరెంటు ఈ పెట్టె గుండానే లైట్లకు వెళ్తుంది కాబట్టి అతుకు పగిలితే హెచ్చరికతో ఆగదు, లైటే ఆరిపోవచ్చు.

ఈ ఏర్పాటులో ఒక లొసుగు ఉంది. జతలోని రెండు బల్బులూ ఒకేసారి పోతే రెండు వైపులా కరెంటు సున్నా, అంటే సమానమే, దీపం వెలగదు. కాబట్టి దీపం వెలగనంత మాత్రాన అన్నీ బాగున్నాయని అనుకోకుండా అప్పుడప్పుడు వెనుకకు వెళ్లి చూసుకోండి.

ప్రశ్న: పోయిన బ్రేక్ బల్బును మార్చాను, లైటు వెలుగుతోంది, కాని గుర్తు పోలేదు. బ్యాటరీ తీసి పెడితే పోతుందని మిత్రులంటున్నారు. ఈ స్థితిలో కుటుంబంతో తిరుపతికి బయలుదేరవచ్చా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

సమాధానం: బ్యాటరీ తీయకండి. దానివల్ల కొన్ని కార్లలో ఆడియో సిస్టమ్ కోడ్ అడుగుతుంది, కిటికీ అద్దాల అమరిక పోతుంది, దోషం మాత్రం ఉంటే అలాగే ఉంటుంది. చాలా కార్లలో మాడ్యూల్ ఆ లైటును మళ్లీ వాడినప్పుడే తిరిగి కొలుస్తుంది. అందువల్ల ఇంజను ఆపి మళ్లీ మొదలుపెట్టి, బ్రేక్‌ను నాలుగైదు సార్లు పూర్తిగా తొక్కి వదలండి. అప్పటికీ పోకపోతే మీరు వేసిన బల్బు వాట్లు సరిపోలాయో లేదో, మూడో బ్రేక్ లైటు పని చేస్తోందో లేదో చూడండి. పెడల్ దగ్గరి బ్రేక్ స్విచ్ అరిగినా కొన్ని కార్లలో ఇదే గుర్తు వస్తుంది. పెడల్ వదిలాక కూడా బ్రేక్ లైటు ఆరకపోవడం, లేదా సగం తొక్కినా వెలగకపోవడం దాని లక్షణాలు.

ప్రయాణం సంగతికి వస్తే, రెండు వైపుల బ్రేక్ లైట్లూ వెలుగుతున్నాయని ఇంకొకరితో చూపించుకున్నాక బయలుదేరవచ్చు. ఈ పసుపు గుర్తు ఇంజనుకు సంబంధించినది కాదు, దానితో కారు దారిలో ఆగిపోదు. అయితే గుర్తు ఇప్పటికే వెలుగుతూ ఉన్నంతకాలం దారిలో మరో బల్బు పోయినా ఆ సంగతి మీ దృష్టికి రాకపోవచ్చు. అందుకే విజయవాడ మీదుగా వెళ్తే అక్కడి ఆటోనగర్‌లో స్కానరు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఒకసారి చూపించండి. ఒక 21/5, ఒక ఇండికేటరు, ఒక హెడ్‌లైటు బల్బు, రెండు మూడు ఫ్యూజులు డ్యాష్‌బోర్డు అరలో వెంట ఉంచుకోండి.